బుధుడు: మగ్రిబ్ వేళ కాసేపే కనిపించే ఉతారిద్.. నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా తిరిగే గ్రహం బుధుడు. అరబీ, ఉర్దూల్లో దీని పేరు ఉతారిద్. మన బుధవారానికి పేరు ఈ గ్రహం నుంచే వచ్చింది. ఉర్దూలో కూడా ఆ రోజును బుధ్ అనే అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చార్‌షంబా అంటారు.

సౌర కుటుంబంలో రాతి గ్రహాలు నాలుగు: బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు. వీటిలో బుధుడే చిన్నది. అంగారకుడి గురించి, శుక్రుడి గురించి పిల్లలకు ఎంతో కొంత తెలుసు. బుధుడి దగ్గరికి వచ్చేసరికి స్కూలు పుస్తకంలో ఒక లైనుతో సరిపెట్టేస్తారు. ఈ గ్రహాన్ని చూడాలంటే పొద్దుగూకినాక మగ్రిబ్ వేళ చూడాలి, లేదంటే తెల్లవారే ముందు ఫజర్ వేళ చూడాలి. అంటే మన ఇళ్లలో అందరూ లేచి, ఆకాశం వైపు ఒకసారి చూసే సమయాల్లోనే అది కనిపిస్తుంది.

ఎంత పెద్దది? ఎంత దూరం?

బుధుడి అడ్డుకొలత సుమారు 4,879 కిలోమీటర్లు. భూమిది 12,742, చంద్రుడిది 3,475. అంటే మన చందమామ కన్నా కాస్త పెద్దది, అంతే. దీనికి చంద్రులు లేవు.

సూర్యుడి నుంచి సగటు దూరం 5.8 కోట్ల కిలోమీటర్లు. దీని దారి గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగి ఉంటుంది. దగ్గరికి వచ్చినప్పుడు దూరం 4.6 కోట్లు, ఎడంగా పోయినప్పుడు 7 కోట్ల కిలోమీటర్లు. అక్కడి నుంచి చూస్తే సూర్యుడు మనకు కనిపించే దానికి రెండు మూడు రెట్లు పెద్దగా కనిపిస్తాడు. భూమి మీద పడే ఎండకు సగటున ఆరేడు రెట్ల ఎండ అక్కడ పడుతుంది.

దాని ఆకర్షణ శక్తి మన భూమిలో 38 శాతమే. ఇక్కడ 50 కిలోలు తూగే సిమెంటు బస్తా అక్కడ 19 కిలోల బరువుగానే అనిపిస్తుంది.

మనకు దగ్గరి గ్రహం ఏది అంటే చాలామంది శుక్రుడు అంటారు. అన్నిటికన్నా దగ్గరికి వచ్చేది శుక్రుడే, నిజమే. కానీ అది సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు చాలా దూరం పోతుంది. ఏళ్ల తరబడి సగటు లెక్క కడితే భూమికి ఎక్కువ కాలం దగ్గరగా ఉండేది బుధుడే.

రెండేళ్లకు ఒక రోజు

బుధుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 88 రోజులు పడుతుంది. అక్కడ ఏడాది అంటే అంతే. ఇక్కడ పదేళ్ల పిల్లాడికి అక్కడి లెక్కలో నలభై ఒకటి దాటి ఉంటాయి. ఇంకో లెక్క చూడండి. నాలుగు బుధ సంవత్సరాలు కలిపితే 352 రోజులు. మన హిజ్రీ సంవత్సరం 354 రోజులు. ఒక రంజాన్ నుంచి మళ్లీ రంజాన్ వచ్చేసరికి బుధుడు సూర్యుడి చుట్టూ దాదాపు సరిగ్గా నాలుగు చుట్లు పూర్తి చేస్తాడన్నమాట.

ఏడాది ఇంత చిన్నదైతే రోజు మాత్రం చాలా పెద్దది. తన చుట్టూ తాను తిరగడానికి దానికి 58 రోజుల 15 గంటలకు పైగా పడుతుంది. ఈ రెండు కదలికలూ కలిసి జరగడంతో, ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 176 భూమి రోజులు గడుస్తాయి. అంటే అక్కడ రెండేళ్లు గడిస్తే గాని ఒక రోజు పూర్తి కాదు. 88 రోజులు పగలు, 88 రోజులు రాత్రి.

ఇంకో వింత కూడా ఉంది. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు బుధుడు తన దారిలో వేగం పెంచుతాడు. అప్పుడు ఆ నేల మీద నుంచి చూస్తే సూర్యుడు ఆకాశంలో ఆగి, కొంచెం వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు కదులుతున్నట్టు కనిపిస్తాడు. కొన్ని చోట్ల పొద్దు పొడిచి, మళ్లీ కిందికి దిగి, రెండోసారి పొడుస్తుంది.

ఇది విన్న పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: అలాంటి చోట అయిదు పూటల నమాజు ఎలా? ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. 2007లో మలేషియాకు చెందిన షేక్ ముస్జఫర్ షుకోర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. ఆ కేంద్రంలో ఒక్క రోజులోనే దాదాపు పదహారు సూర్యోదయాలు కనిపిస్తాయి. ఆయన కోసం మలేషియా ఉలమాలు ముందే మార్గదర్శకాలు తయారుచేశారు. రాకెట్ ఎక్కడి నుంచి బయలుదేరిందో ఆ చోటి 24 గంటల లెక్క ప్రకారం నమాజు చేయాలన్నది అందులోని ముఖ్యమైన మాట.

పగలు 430, రాత్రి మైనస్ 180

పాలమూరు ఎండలు మనకు కొత్త కాదు. 43, 44 డిగ్రీలకే మధ్యాహ్నం బజారు ఖాళీ అవుతుంది. బుధుడి మీద పగటి వేడి 430 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. సీసం కరిగిపోయే వేడి అది. అదే చోట రాత్రికి మైనస్ 180 డిగ్రీలకు పడిపోతుంది. పగటికీ రాత్రికీ మధ్య 600 డిగ్రీలకు పైగా తేడా!

దీనికి కారణం గాలి లేకపోవడం. మనకు దుప్పటి కప్పినట్టు వాతావరణం ఉంది. పగటి వేడిని కొంత రాత్రికి దాచి పెడుతుంది. బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. పొద్దుగూకగానే వేడి అంతా ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

మరి అన్నిటికన్నా వేడి గ్రహం బుధుడేనా? కాదు, శుక్రుడు. సూర్యుడికి దూరంగానే ఉన్నా, శుక్రుడి చుట్టూ కార్బన్ డయాక్సైడ్ దట్టంగా కమ్ముకుని ఉంటుంది. లోపలికి వచ్చిన వేడి బయటికి పోదు. రాత్రీ పగలూ తేడా లేకుండా 460 డిగ్రీలకు పైనే. ఒక గ్రహం ఎంత వేడెక్కుతుందో చెప్పాలంటే సూర్యుడికి ఎంత దగ్గర అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. దాని గాలిలో ఏముందన్నది కూడా చూడాలి. మన భూమి గాలి గురించి శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నది కూడా ఇందుకే.

నిప్పుల కొలిమిలో మంచు

ఇంత వేడి గ్రహం మీద మంచు ఉందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉంది. బుధుడి అక్షం దాదాపు నిటారుగా ఉంటుంది. దాంతో ధ్రువాల దగ్గరి లోతైన గుంతల అడుగు భాగంలో ఎండ ఎప్పటికీ పడదు. 1991లో భూమి నుంచి పంపిన రాడార్ తరంగాలు అక్కడి నుంచి మెరుస్తూ తిరిగి వచ్చాయి. అది నీటి మంచేనని 2012లో నాసా మెసెంజర్ నౌక సమాచారం గట్టిపరిచింది.

లోపలంతా ఇనుము

నల్లగొండ, పాలమూరులో ఏ దారిన పోయినా గుట్టలు, గుండ్లు, గ్రానైట్ క్వారీలే. ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దేశంలోని పాత రాళ్లలో ఇవి కొన్ని. అయినా వాన, గాలి, ఎండ కలిసి వీటిని అరగదీస్తూనే ఉన్నాయి. దేవరకొండ, భువనగిరి గుట్టలు అంత నున్నగా బోడిగా కనిపించేది అందుకే.

బుధుడి మీద వాన లేదు, వీచే గాలి లేదు. కోట్ల ఏళ్ల కింద ఉల్కలు గుద్దిన గుంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిలో పెద్దది కెలోరిస్ బేసిన్. అడ్డంగా సుమారు 1,550 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాటిపోయేంత.

లోపల మాత్రం బుధుడు మన భూమికి కూడా భిన్నం. మధ్యలో ఉన్న ఇనుప గోళం ఆ గ్రహం వ్యాసార్థంలో దాదాపు 85 శాతం ఉంటుంది. మామిడి పండులో టెంక పెద్దగా, కండ పలచగా ఉంటే ఎలా ఉంటుందో అలా. ఇంత ఇనుము ఎందుకు మిగిలింది? పుట్టిన కొత్తలో ఇంకో పెద్ద రాయి గుద్ది పై పొరను ఊడగొట్టిందని ఒక వాదన. సూర్యుడికి దగ్గర కావడంతో మొదటి నుంచే ఇనుము ఎక్కువ చేరిందని ఇంకో వాదన. చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ ఇనుప గోళం చల్లారుతున్న కొద్దీ గ్రహం ముడుచుకుపోతోంది. పుట్టినప్పటి నుంచి దాని వ్యాసార్థం 7 కిలోమీటర్ల దాకా తగ్గిందని 2014లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఎండిన రేగుపండు తోలులా దాని నేల మడతలు పడి, వందల కిలోమీటర్ల పొడవున కొండ అంచులు లేచాయి.

అక్కడ త్యాగరాజు, ఇక్కడ రూమీ

బుధుడి మీది గుంతలకు అంతర్జాతీయ ఖగోళ సంఘం కవులు, కళాకారులు, సంగీతకారుల పేర్లు పెడుతుంది. అందులో ఒక గుంత పేరు త్యాగరాజ. తెలుగులో కీర్తనలు రాసి, తమిళ నేల మీద తిరువైయ్యారులో బతికిన ఆ వాగ్గేయకారుడి పేరే. అడ్డంగా సుమారు 100 కిలోమీటర్ల గుంత. దాని అడుగున మెరిసే చిన్న చిన్న పల్లాలు మెసెంజర్ ఫొటోల్లో కనిపించి శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచాయి. నేలలోని ఏదో పదార్థం ఎండకు ఆవిరై పోవడంతో ఆ పల్లాలు పడ్డాయని అనుకుంటున్నారు.

వాల్మీకి, కాళిదాసు పేర్లు కూడా అక్కడ ఉన్నాయి. మౌలానా రూమీ, అబూ నువాస్, అల్ జాహిజ్, ఉస్మానీ మసీదులు కట్టిన శిల్పి సినాన్ పేర్లు కూడా ఉన్నాయి. 2015లో ఈజిప్టు గాయని ఉమ్మె కుల్సూమ్ పేరు చేరింది. మన ఇంట్లో మాట్లాడే రెండు భాషల సంస్కృతీ ఒకే గ్రహం మీద పక్కపక్కన ఉందని పిల్లలకు చెప్పండి.

డమాస్కస్ మసీదు నుంచి ఐన్‌స్టీన్ దాకా

ఆకాశంలో బుధుడి నడక లెక్కకు అందడం చాలా కష్టం. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్క కట్టే ఉద్యోగి ఒకాయన ఉండేవారు. పేరు ఇబ్న్ అల్ షాతిర్. ఆ ఉద్యోగాన్ని మువఖ్ఖిత్ అంటారు. ఆయన గ్రహాల కదలికలకు కొత్త లెక్కలు రాశారు. సుమారు 170 ఏళ్ల తర్వాత, 1543లో కోపర్నికస్ పుస్తకం అచ్చయింది. బుధుడికి, చంద్రుడికి కోపర్నికస్ వాడిన లెక్కలు గణితం పరంగా ఇబ్న్ అల్ షాతిర్ లెక్కలతో సరిపోయాయని 20వ శతాబ్దంలో చరిత్రకారులు గుర్తించారు. తేడా ఒక్కటే. ఇబ్న్ అల్ షాతిర్ భూమిని మధ్యలో పెట్టారు, కోపర్నికస్ సూర్యుడిని పెట్టారు.

కథ అక్కడితో అయిపోలేదు. బుధుడి దారి వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు, అంటే డిగ్రీలో సుమారు 84వ వంతు, న్యూటన్ లెక్కకు అందకుండా పక్కకు జరుగుతోందని తేలింది. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెవెరియే ఈ సంగతి బయటపెట్టారు. ఇంకా లోపల కనిపించని గ్రహం ఒకటి ఉండి లాగుతోందేమో అనుకుని దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. వెతికితే ఏమీ దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఆ 43 సెకన్లనూ సరిగ్గా తేల్చింది.

మన దగ్గరి వేధశాల

హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. నగరం పెరిగి వెలుతురు ఎక్కువయ్యాక ఊరికి దూరంగా పెద్ద దూరదర్శిని కావాలని పట్టుబట్టిన డైరెక్టర్ డాక్టర్ అక్బర్ అలీ. 1960లో ఆయన చనిపోయారు. ఆయన కోరుకున్న 48 అంగుళాల దూరదర్శిని 1968లో జాపాల్-రంగాపూర్‌లో పని మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వైపు వచ్చే నల్లగొండ వాళ్లకు తెలిసిన దారే అది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రాయచూరు వైపు నుంచి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మీదుగా, ఖమ్మం వైపు సాగింది. రంగాపూర్ వేధశాల కూడా ఆ నీడ దారిలోనే ఉంది. దేశ విదేశాల శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు. మధ్యాహ్నం పూట సుమారు రెండు నిమిషాలు చీకటి పడింది. సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి పక్కనే ఉండే బుధుడి లాంటి గ్రహాలు పట్టపగలే కనిపించే వీలుంటుంది. కానీ ఆ రోజు ఎన్నో ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్నారు. భయం ఒక కారణం, కళ్లు పోతాయన్న జాగ్రత్త ఇంకో కారణం.

జాగ్రత్త అవసరమే. భయం మాత్రం అక్కర్లేదు. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బాధతోనే గ్రహణం వచ్చిందని జనం అనుకున్నారు. ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ నిదర్శనాలని, అప్పుడు నమాజు చేయాలని ప్రవక్త చెప్పారు. తన సొంత దుఃఖంలో కూడా ఆయన ఆ అపోహను నిలవనివ్వలేదు.

బుధుడు బాగోలేదు అంటే..

చదువు అబ్బకపోతే, వ్యాపారం నడవకపోతే, బుధుడు బాగోలేదు అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పచ్చ రాయి ఉంగరం పెట్టుకుంటే సరిపోతుందని వేలకు వేలు తీసుకుంటారు. రోజు కూలీకి పోయే ఇళ్లు కూడా అప్పు చేసి కొంటున్నాయి.

లెక్క చూద్దాం. బుధుడు భూమికి బాగా దగ్గరికి వచ్చినా సుమారు 7.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అంత దూరం నుంచి అది మనల్ని లాగే శక్తి కన్నా, మన ఇంటి ముందు పదిహేను మీటర్ల దూరంలో ఆగిన 20 టన్నుల గ్రానైట్ లారీ లాగే శక్తే ఎక్కువ. ఆ లారీ మన తలరాత మార్చదు కదా! పిల్లాడికి లెక్కలు రాకపోతే ఆ ఉంగరం డబ్బుతో ట్యూషన్ పెట్టించొచ్చు, పుస్తకాలు కొనొచ్చు, కళ్లు పరీక్ష చేయించొచ్చు. బోర్డు మీది అక్షరాలు కనపడక వెనకబడే పిల్లలు తక్కువేం కాదు.

అక్కడికి వెళ్లిన నౌకలు

బుధుడు దగ్గరే అయినా చేరడం కష్టం. సూర్యుడి వైపు పోయే నౌక వేగం పెరిగిపోతుంది, దాన్ని ఆపడానికి చాలా ఇంధనం కావాలి. అందుకే భూమి, శుక్రుడి పక్క నుంచి తిప్పుకుంటూ, వాటి ఆకర్షణ సాయంతో వేగం తగ్గించుకుంటూ పంపుతారు.

మెరినర్-10: 1974, 75లో మూడుసార్లు పక్క నుంచి వెళ్లింది. నేలలో సగం కన్నా తక్కువ భాగమే ఫొటోలకు చిక్కింది.

మెసెంజర్: 2004 ఆగస్టులో బయలుదేరి, 2011 మార్చిలో బుధుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇంధనం అయిపోయాక 2015 ఏప్రిల్ 30న ఆ నేల మీదే కూలింది.

బెపికొలంబో: యూరప్, జపాన్ కలిసి 2018 అక్టోబరులో పంపాయి. 2026 నవంబరులో బుధుడి కక్ష్యలోకి చేరేలా దారి వేశారు.

ఎప్పుడు, ఎలా చూడాలి?

ఆకాశంలో బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకే నడిరాత్రి ఎప్పుడూ కనిపించడు. ఏడాదిలో సుమారు మూడుసార్లు సాయంత్రం పడమట, మూడుసార్లు తెల్లవారుజామున తూర్పున, ఒక్కోసారి వారం పది రోజులు బాగా కనిపిస్తాడు. ఆ తేదీలు ఏటా మారతాయి. ఫోన్‌లో ఆకాశం చూపించే యాప్ ఏదైనా చెబుతుంది.

సాయంత్రం అయితే మగ్రిబ్ నమాజు ముగించుకుని, పొద్దుగూకిన 35, 40 నిమిషాలకు పడమటి దిక్కు చూడండి. చెట్లు, ఇళ్లు అడ్డం లేని మైదానం గానీ, గుట్ట గానీ, చెరువు కట్ట గానీ కావాలి. అడుగున, నేలకు దగ్గరగా ఒక్కటే చుక్క కాస్త పసుపు ఛాయలో కనిపిస్తుంది. చాలా పైన ధగధగా మెరుస్తుంటే అది శుక్రుడు. తెల్లవారుజామున వేగుచుక్క అని మన పల్లెల్లో పిలిచేది దాన్నే.

నెలవంక కోసం చూసేవాళ్లకు ఇది ఇంకా తేలిక. షాబాన్ ఆఖరున, రంజాన్ ఆఖరున అందరి కళ్లూ పడమటి అంచునే ఉంటాయి. బుధుడు సాయంత్రం పూట ఉండే రోజులైతే నెలవంక చుట్టుపక్కలే దొరుకుతాడు.

సూర్యుడు పూర్తిగా దిగిపోయే దాకా బైనాక్యులర్ గానీ, దూరదర్శిని గానీ ఎత్తవద్దు. ఒక్క క్షణం సూర్యుడు అందులో పడినా చూపు పోవచ్చు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పూసిన గాజు, చలువ కళ్లద్దాలు ఏవీ సూర్యుడిని చూడటానికి పనికిరావు.

గుర్తు పెట్టుకోవాల్సిన తేదీలు

2027 ఆగస్టు 2: సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మక్కా, జిద్దాల మీదుగా వెళ్తుంది. గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. సరైన గ్రహణపు కళ్లద్దాలు దగ్గర పెట్టుకోవాలి.

2032 నవంబరు 13, శనివారం: బుధుడు సూర్యుడి ముఖం మీదుగా చిన్న నల్ల చుక్కలా దాటుతాడు. మన దగ్గర మధ్యాహ్నం 12 దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా సాగుతుంది. ఇలాంటిది 2016 మే 9న కూడా పొద్దుగూకే ముందు మనకు కనిపించింది. సూర్యుడి అడ్డుకొలతలో 190వ వంతు కూడా ఉండని చుక్క కాబట్టి, గ్రహణపు కళ్లద్దాలు పెట్టుకున్నా ఉత్త కంటికి ఆనదు. ఫిల్టరు బిగించిన దూరదర్శిని కావాలి. లేదంటే దూరదర్శిని నుంచి తెల్ల కాగితం మీద సూర్యుడి బొమ్మ పడేలా చేసి చూపించాలి. ఇది సైన్సు టీచర్ల సమక్షంలో, స్కూలు మైదానంలో చేయాల్సిన పని.

ఇప్పుడు నాలుగో తరగతి చదివే పిల్లలు అప్పటికి ఎదిగి ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా ఆ రోజు దూరదర్శిని పక్కన నిలబడి మిగతా పిల్లలకు ఉతారిద్ ఎక్కడుందో చూపించాలంటే, ఈ ఏడాదే ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ పడమటి వైపు అరగంట చూస్తే చాలు. పైసా ఖర్చు లేదు.